పద్నాలుగో రోజు లెక్క

ఆమదాలవలసలో మా ల్యాబు రైలుకట్ట పక్కనే.
గూడ్సు బండి వెళ్తే
లెక్కపలక మీద వడ్లు కదుల్తాయి.
అరవై మూడా, అరవై నాలుగా?
మళ్ళీ మొదటి నుంచి.

నాలుగు వందల గింజలు.
ఏరకూడదు.
లావుదీ, బక్కదీ, మూతి మీద మచ్చున్నదీ
చేతికి ఏది వస్తే అది.
తడికాగితం మీద వంద చొప్పున పేర్చి
చాప చుట్టినట్టు చుట్టి
రబ్బరు బ్యాండు వేసి నిలబెడతాను.
పెట్టె లోపల ఇరవై అయిదు డిగ్రీలు,
బయట మే నెల.
కరెంటు పోయిన మధ్యాహ్నాలు
గింజల కోసం జనరేటరు వేస్తారు,
నా ఫ్యానుకి వెయ్యరు.

అయిదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఒకసారి
చుట్ట విప్పుతాను.
వేరూ మొలకా సరిగా ఉంటే ఒక గీత.
వేరు వచ్చి మొలక రానిది,
మొలక వచ్చి మెలితిరిగింది,
పచ్చబడడం మర్చిపోయి తెల్లగా సాగింది,
వీటన్నిటికీ ఒకటే గడి.
నొక్కితే చీములా చితికేవి చచ్చినవాటి గడిలోకి.
ఇంకా గట్టిగా
ఏ సంగతీ చెప్పకుండా పడుకున్నవి కొన్ని ఉంటాయి,
వాటికీ ఒక గడి ఉంది.
ఎనభై దాటితే చాలు.
వరి గింజని సర్కారు అడిగేది అంతే.

దుంపల అసిరమ్మ
బూర్జ నుంచి మొదటి బస్సుకి వచ్చింది.
మనవడి పాత లంచ్ బాక్సులో విత్తనం.
నాగావళి గుమ్మం దాకా వచ్చిన ఏడాది పంట అది.
కుప్ప అడుగున నీళ్ళు నిలిచిన మూడు రోజులూ
అటక మీంచి చూస్తూనే ఉందట.
తర్వాత ఆరబెట్టింది, తూర్పారబట్టింది,
వేపాకు కలిపి గాదెలో పోసింది.
"మొలుస్తాదో లేదో నాకు తెలవక కాదమ్మా.
సంఘపోళ్ళు కాయితం ఉంటే గానీ కొనరు."

పద్నాలుగో రోజు: ఎనభై నాలుగు.
పాసు.

నాకొక దురలవాటు ఉంది.
మిగిలిన గింజల్ని, ఎవరూ అడక్కుండానే,
నీళ్ళ మీద జల్లెడలో పరిచి మూత బిగించి
నలభై అయిదు డిగ్రీల్లో మూడు రోజులుంచుతాను.
గోదాములో ఏళ్ళ మీద వచ్చే ముసలితనం
డెబ్బై రెండు గంటల్లో వచ్చేస్తుంది.
అప్పుడు మొలకెత్తమంటాను.
అసిరమ్మ గింజలు
వందకి ముప్పై తొమ్మిది.

ఇంకో గ్లాసులో యాభై గింజలు నానబెట్టి
మర్నాడు ఆ నీళ్ళలో మీటరు ముంచాను.
పొర దెబ్బతిన్న గింజ
తన ఉప్పు తను దాచుకోలేదు,
నీళ్ళకి చెప్పేస్తుంది.
అంకె ఎక్కుతూ పోయింది.
నేను తుడిచి మళ్ళీ ముంచాను, అక్కడికే ఎక్కింది.

ఫారంలో దీనికి గడి లేదు.
సనపల సారుని అడిగాను.
"గడి లేనిది రాయకండి" అన్నాడు.
చెడ్డవాడేం కాదు, ఆయనకీ పొలం ఉంది.

అసిరమ్మ మళ్ళీ వచ్చిన రోజు
కాగితం చేతిలో పెట్టి
ఆ రెండో అంకె నోటితో చెప్పాను.
డబ్బా మూత బిగిస్తూ విప్పుతూ వింది.
"అవున్లే, గోనెపట్టాలో కట్టి నానూ సూసినాను.
మొలుస్తాయి గానీ లెగవు."
నేను మూడు రోజులు ఉడకబెట్టి తెలుసుకున్నది
ఆవిడ తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అనేసింది.

"ఈయేడు ఎద జల్లను.
మెత్తగా దమ్ము సేసి ఆకుమడి పోసీడమే.
పది కేజీలు ఎక్కువ పోస్తే
ఉబాల యేళకి సరిపోతాది."
"మరి సంఘానికి అమ్మేదో?"

బస్సు వేళ అయిందని లేచింది.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది,
కాగితం బల్ల మీద బోర్లా పెట్టింది.
"ఏదీ, ఆ రెండోది ఇక్కడ రాయి.
ఎనకాల గళ్ళు లేవు కదా."

పెన్సిలు తీశాను.
రాస్తుండగా గూడ్సు బండి వచ్చింది,
తొమ్మిది తోక వంకర పోయింది.
దిద్దబోతే
ఉండనీ అంది.